మూడేళ్ల ‘మేనేజ్ స్టోరేజ్’ వాడకం: గ్యాలరీది తప్పు కాదండి

ఫోన్ నిండిపోయిందని హెచ్చరిక రాగానే అందరి చెయ్యీ ముందు గ్యాలరీ మీదికే పోతుంది. అన్నప్రాసన ఫొటోల్లో మసగ్గా వచ్చినవేవో, కళ్లు మూసుకున్నవేవో గంటసేపు కూర్చుని ఏరి రెండొందలు చెరిపితే తేలేది ఆరేడొందల ఎంబీ. అదే వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘స్టోరేజ్ అండ్ డేటా’ కింద ఉండే ‘మేనేజ్ స్టోరేజ్’ తెరిచి పది నిమిషాలు గడిపితే మొదటిసారే నాలుగు జీబీ పైన తేలింది. 32 జీబీ ఫోన్ ఒకటి మూడేళ్లుగా ఇంకా బతికి బట్టకడుతోందంటే ఆ పుణ్యం ఈ ఒక్క పేజీదే. 2020 నవంబరులో ఇప్పటి రూపానికి వచ్చిన ఈ పేజీని చాలామంది ఇప్పటికీ ఒక్కసారి కూడా తెరవలేదంటే ఆశ్చర్యంగా ఉంటుంది.

అందులో బాగా నచ్చింది బటన్లేవీ కాదు, కింద ఉండే జాబితా. ఏ చాట్ ఎంత చోటు తింటోందో, పెద్దది పైన, చిన్నది కింద, అంకెతో సహా వరసగా చూపిస్తుంది. అనుమానం ఒకరి మీద ఉంటుంది, దొంగ ఇంకొకరై ఉంటారు. భీమవరం, ఆకివీడు వైపు చెరువులున్నవాళ్ల ఫోన్లకి రోజూ రొయ్యల కౌంట్ (కిలోకి ఎన్ని తూగుతాయన్న లెక్క) రేట్ల బొమ్మలు కుప్పలుగా వస్తాయి కాబట్టి ఆ గ్రూపే ఫోన్ నింపేస్తోందనుకుంటాం. లెక్క వేసి చూడండి. వాట్సాప్ సైజు తగ్గించి పంపే బొమ్మ ఒక్కోటి సుమారు 150 కేబీ. రోజుకి ఇరవై వచ్చినా 3 ఎంబీ, ఏడాదంతా కలిపినా ఒక జీబీ చిల్లర. ఇక జులై, ఆగస్టు నెలల్లో ధవళేశ్వరం దగ్గర గోదావరి 11.75 అడుగులు దాటి మొదటి హెచ్చరిక వచ్చిందనుకోండి. లంకల్లోంచి, ఏటిగట్ల మీంచి, కాజ్‌వేల దగ్గర్నుంచి వీడియోలే వీడియోలు. ఒక్కోటి 18 ఎంబీ చొప్పున రోజుకి ముప్పై వస్తే 540 ఎంబీ. అంటే రెండు రోజుల వరద, ఏడాది రొయ్యల రేట్లతో సమానం. రెండో హెచ్చరిక 13.75 అడుగులకి వచ్చేసరికి నిరుడు వరద వీడియోలు కూడా ‘ఇప్పుడే’ అని మళ్లీ తిరగడం మొదలెడతాయి, ఆ సంగతి మీకు చెప్పక్కర్లేదు.

జాబితా పైన రెండు పెట్టెలుంటాయి: ‘ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయినవి’ ఒకటి, ‘5 ఎంబీ కంటే పెద్దవి’ ఇంకొకటి. మొదటిదాన్ని కళ్లు మూసుకుని ఖాళీ చేసెయ్యొచ్చు. కారణం ఉంది. మొదట పంపినవాళ్ల నుంచి కనీసం ఐదు చేతులు మారితే గానీ ‘ఎక్కువసార్లు ఫార్వర్డ్’ అనే జంట బాణాల గుర్తు పడదు. మీ ఇంటి దస్తావేజు గానీ, పిల్లాడి మార్కుల కాగితం గానీ ఐదు చేతులు మారి మీ దగ్గరికి రావడం జరిగే పని కాదు. అందులో ఉండేవి శుభోదయం బొమ్మలు, కోడిపందేల వీడియోలు, వెల్లుల్లి తింటే తగ్గే రోగాల జాబితాలు. మొత్తం సెలెక్ట్ చేసి తీసెయ్యండి, ఎవరూ ఏడవరు.

రెండో పెట్టె దగ్గరే జాగ్రత్త కావాలి. మొదటి ఏడాది దీన్ని కూడా అదే ఊపులో ‘సెలెక్ట్ ఆల్’ కొట్టడం జరిగింది. వీడియోలతో పాటు రొయ్య పిల్ల కొన్నప్పుడు ల్యాబ్ వాళ్లు పంపిన పీసీఆర్ (రోగ పరీక్ష) రిపోర్టు, భూముల రీసర్వే తర్వాత వచ్చిన పొలం మ్యాపు కూడా పోయాయి. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు మూడు నాలుగు పేజీలున్నా సులువుగా ఎనిమిది ఎంబీ ఉంటాయి, అందుకే ఈ పెట్టెలోకొచ్చి కూర్చుంటాయి. పైగా వీడియోల మధ్య అవి ఒక చిన్న కాగితం బొమ్మలా కనబడతాయి తప్ప పేరు కంటికి ఆనదు.

పోయినవి తిరిగెందుకు రావో తెలుసుకోవాలి. గ్యాలరీలో చెరిపినది చాలా ఫోన్లలో 30 రోజులు చెత్తబుట్టలో ఉంటుంది. గూగుల్ ఫొటోస్‌లో అయితే బ్యాకప్ అయినవి 60 రోజులు, కానివి 30 రోజులు. మేనేజ్ స్టోరేజ్‌కి బుట్ట లేదు, నొక్కిన క్షణంలోనే ఫైలు పోయినట్టే. ‘మరి ఆ పీడీఎఫ్ ఫైల్ మేనేజర్‌లో కూడా ఉండేది కదా, డ్రైవ్ యాప్‌లో తెరిచాం కదా’ అని వెతుకుతారు. అక్కడ కనబడింది రెండో కాపీ కాదండి. వాట్సాప్ డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో ఉన్న అదే ఒక్క ఫైలుని ఇంకో కిటికీలోంచి చూడటం, అంతే. ఇంటికి రెండు కిటికీలున్నాయని రెండిళ్లవుతాయా? అదీగాక చెరిపేటప్పుడు ‘ఈ ఐటమ్‌నీ, దాని కాపీలన్నిటినీ’ అనే ఎంపిక ఒకటి వస్తుంది. దాన్ని నొక్కితే మీరు ఆ కాగితాన్ని బావగారికి పంపిన చాట్‌లోంచి కూడా పోతుంది. ఇక మిగిలేది పంపినవాళ్లని మళ్లీ పంపమని బతిమాలుకోవడమే.

అందుకని ఇప్పుడు వరస మారింది. ముందు ‘5 ఎంబీ కంటే పెద్దవి’ తెరిచి, పైనుండే వరస గుర్తు నొక్కి ‘పెద్దవి ముందు’ అని పెట్టుకోవాలి. పై ముప్పై నలభై చూస్తే చాలు, చోటులో సగం అక్కడే ఉంటుంది. పీడీఎఫ్ కనబడితే ఆగి, తెరిచి, షేర్ నొక్కి డ్రైవ్‌లోకో, మీ జీమెయిల్‌కో పంపుకుని, అది చేరిందని చూసుకున్నాకే చెరపాలి. అదంతా అయ్యాక కింద జాబితాలోని మొదటి మూడు చాట్లు. నాలుగో దానికి వెళ్లక్కర్లేదు, అక్కడికొచ్చేసరికి శ్రమకి తగ్గ చోటు రాదు.

ఇంత మెచ్చుకున్నాక ఒక మాట సరిదిద్దాలి. ఈ జాబితా నిజమే చెబుతుంది గానీ, మొత్తం చెప్పదు. చాట్‌లో సందేశం ఇంకా ఉంటేనే దాని ఫైలు ఈ లెక్కలో కనబడుతుంది. ఎప్పుడో ఒక గ్రూపులోంచి బయటికొచ్చి, చాట్ తీసేస్తూ ‘మీడియా కూడా తీసెయ్యి’ అన్న టిక్కు పెట్టలేదనుకోండి, ఆ గ్రూపు వీడియోలన్నీ దిక్కులేని ఫైళ్లలా ఫోల్డర్‌లో ఉండిపోతాయి. ఏ చాట్ కిందా రావు. వాటి కోసం ఫైల్ మేనేజర్ తెరవాల్సిందే: ఇంటర్నల్ స్టోరేజ్‌లో ఆండ్రాయిడ్, అందులో మీడియా, అందులో కామ్ డాట్ వాట్సాప్, వాట్సాప్, మళ్లీ మీడియా. ముందుగా ఫైల్ మేనేజర్ సెట్టింగ్స్‌లో దాచిన ఫైళ్లు చూపించు అన్నది ఆన్ చేసుకోండి. పాత కాలపు ఫైలో కాదో పేరులోనే తెలుస్తుంది. వీఐడీ తర్వాత ఎనిమిదంకెలు ఉంటాయి: ఏడాది, నెల, తేదీ.

అక్కడే వాట్సాప్ వీడియో ఫోల్డర్ లోపల ‘సెంట్’ అని ఇంకో ఫోల్డర్ ఉంటుంది. ఎక్కువమందికి తెలియని కొట్టుగది ఇది. మీరు ఫోన్ కెమెరా యాప్‌తో తీసి పంపిన ప్రతి వీడియోకీ సైజు తగ్గించిన నకలు ఒకటి ఇక్కడ పడుతుంది, అసలుది కెమెరా ఫోల్డర్‌లో ఎలాగూ ఉంటుంది. గ్యాలరీ ఈ ఫోల్డర్‌ని చూపించదు. చెక్ ట్రేలో (మేత చూసుకోడానికి చెరువులో దించే పళ్లెం) మేత మిగిలిందో లేదో, రొయ్య ఎలా ఉందో రోజూ కన్సల్టెంట్‌కి వీడియో తీసి పంపేవాళ్లకి ఇక్కడ జీబీలు పేరుకుంటాయి. ఖాళీ చేస్తే అసలు వీడియో పోదు, చాట్‌లో మీరు పంపింది మాత్రం తెరుచుకోదు. కొబ్బరి వ్యాపారానికో, కొట్టుకో వాట్సాప్ బిజినెస్ కూడా వాడుతుంటే దానికి ఫోల్డర్ వేరు, మేనేజ్ స్టోరేజ్ వేరు. పనంతా రెండుసార్లు చెయ్యాలి.

ఆ మీడియా ఫోల్డర్ పక్కనే డేటాబేసెస్ అనే ఫోల్డర్. రోజూ తెల్లవారుజామున 2 గంటలకి వాట్సాప్ చాట్లన్నీ ఫోన్‌లోనే ఒక కాపీ తీసి పెట్టుకుంటుంది, అలాంటివి ఏడు రోజులవి వరకూ దాచుతుంది. గ్రూపులు ఎక్కువున్న ఫోన్‌లో ఒక్కోటి మూడొందల ఎంబీ ఉంటే ఏడింటికీ రెండు జీబీ పైనే. పేరులో తేదీ ఉన్న పాతవి తీసెయ్యొచ్చు. తేదీ లేనిది ఒకటుంటుంది, తాజాది అదే. దాన్ని ముట్టుకోకండి.

ఇంకో భ్రమ కూడా పోవాలి. ‘మీడియా విజిబిలిటీ’ ఆపేస్తే చోటు మిగులుతుందని చాలామంది అంటారు. అబ్బే, అది కొత్తగా వచ్చేవి గ్యాలరీకి కనబడకుండా దాచడమే. ఫైలు దిగడం దిగుతూనే ఉంటుంది. పైగా గ్యాలరీలో కనబడవు కాబట్టి చెరపాలన్న ఊహ కూడా రాదు. ఆపాల్సింది ఆటో డౌన్‌లోడ్. అదే స్టోరేజ్ అండ్ డేటా పేజీలో మొబైల్ డేటా, వైఫై, రోమింగ్ మూడింటి కిందా టిక్కులన్నీ తీసెయ్యాలి. వైఫై కింద మొదట్నుంచీ అన్నీ ఆన్‌లోనే ఉంటాయి, ఇంటికి ఫైబర్ కనెక్షన్ వచ్చాకే ఫోన్ నిండటం మొదలైందని కొందరు వాపోయేది అందుకే. ఇది చెయ్యకుండా ఎంత శుభ్రం చేసినా కాలవలో గుర్రపుడెక్క పైపైన తీసినట్టే, నెల తిరక్కుండా మళ్లీ కమ్ముకుంటుంది. దీనికీ ఒక ఇబ్బంది ఉంది: రేట్ల బొమ్మ కూడా నొక్కితే గానీ దిగదు, చాలా రోజులు నొక్కకుండా వదిలేసినది తర్వాత దిగకపోనూ వచ్చు. వాయిస్ మెసేజ్‌లు మాత్రం మీరేం చేసినా వాటంతటవే దిగుతాయి.

క్లీనర్, బూస్టర్ యాప్‌ల జోలికి పోవద్దు. అవి ఖాళీ చేసేది క్యాషే, అంటే యాప్‌లు తాత్కాలికంగా దాచుకునే ఫైళ్లే. రెండు రోజుల్లో అదే చోటు అదే క్యాషేతో నిండుతుంది, మధ్యలో ప్రకటనలు మిగులుతాయి. వాట్సాప్‌కి యాప్ ఇన్ఫోలో ‘క్లియర్ డేటా’ అసలు నొక్కొద్దు, చాట్లన్నీ ఊడుస్తుంది.

ఎంత ఖాళీ ఉంచాలంటే, 32 జీబీ ఫోన్‌లో మూడు నాలుగు జీబీ. మరీ అంచుదాకా నిండితే యాప్ అప్‌డేట్లు ఆగడం ఒక్కటే కాదు, మామూలు ఎస్ఎమ్ఎస్‌లు దిగడం కూడా ఆగిపోవచ్చు. బ్యాంకు ఓటీపీ రాకపోతే అందరూ సిగ్నల్‌నే తిట్టుకుంటారు. ఒకసారి స్టోరేజ్ వైపు కూడా చూడండి.

గూగుల్ ఫొటోస్‌లోని ‘ఫ్రీ అప్ స్పేస్’ దీనికి పోటీయా అంటే, కెమెరా ఫొటోలకి అదే మేలు. అయితే ఉచితంగా వచ్చే 15 జీబీలోనే జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ అన్నీ సర్దుకోవాలి, ఆండ్రాయిడ్ వాట్సాప్ బ్యాకప్ కూడా ఇప్పుడు అందులోనే లెక్క. అది నిండితే మెయిళ్లు రావడం ఆగుతుంది. ఫోన్ భారం అక్కడికి మోసినట్టవుతుంది, తగ్గినట్టు కాదు.

ఈ ఫోన్‌లో ఫొటోలు తక్కువ, గ్రూపులు ఎక్కువ, ఆటలు లేవు. అందుకే మేనేజ్ స్టోరేజ్ ఇంత పని చేసింది. పెళ్లిళ్లకి 4కే వీడియోలు తీసేవాళ్లకి ఇది ఏ మూలకీ చాలదు, వాళ్లకి మెమొరీ కార్డో హార్డ్ డిస్కో కావాలి. ఐఫోన్‌లో ఈ పేజీ ఉంటుంది గానీ, పైన చెప్పిన ఫోల్డర్లలోకి వెళ్లే దారి ఉండదు. 128 జీబీ ఫోన్ కొన్నవాళ్లు ఓ రెండేళ్లు ఇదంతా మర్చిపోవచ్చు. ఇక్కడ మాత్రం సంక్రాంతి మూడు రోజులూ గడిచాక ఒకసారి, వరద తీశాక ఒకసారి తెరిస్తే సరిపోతోంది. ఆటో డౌన్‌లోడ్ ఆపాక ఆ రెండోసారి కూడా ఒక జీబీకి మించి తేలడం లేదు.