తెలియని సంగీతం చెప్పాలంటే ఏది మేలు: పోలికా, పేర్లా, పోగా?

"నాకు ఫలానా ఆయన పాటలంటే ప్రాణం. అలాంటిదే, ఎవరూ పెద్దగా విననిది ఒకటి చెప్పండి." ఈ మాట నన్ను అడగని వారం ఉండదు. అడిగేవాళ్లకి అది చిన్న ప్రశ్నే. టెన్షన్ అంతా చెప్పేవాడికి.

ఆ మధ్య ఇద్దరు, ఒకరికొకరు తెలియనివాళ్లు, కొద్దిరోజుల తేడాలో ఇదే అడిగారు. మీకేమిష్టం అంటే ఇద్దరూ "వీణ" అన్నారు. నేను పెద్దగా ఆలోచించకుండా ఇద్దరికీ కోరా పంపాను. కోరా అంటే పశ్చిమాఫ్రికా తంత్రీవాద్యం. మాలి దేశపు తుమానీ జబాతే 1988లో పక్కవాద్యం ఏదీ లేకుండా వాయించిన 'కైరా' అనే ఆల్బమ్. మొదటావిడ ఆ రాత్రే మొత్తం వినేసి ఇంకోటి చెప్పమన్నారు. రెండో ఆయన మూడు రోజులు ఆగి "బాగుంది" అన్నారు. పక్కింటి పిల్లాడు గీసిన బొమ్మ చూసి అంటామే, ఆ బాగుంది.

అప్పటినుంచి ఈ చెప్పడం అనే పని గురించి కాస్త గట్టిగా ఆలోచిస్తున్నాను. దీనికి నాకు తెలిసిన దారులు నాలుగు. ఒకటి పోలిక: ఈయన నచ్చితే ఆయనా నచ్చుతాడు అనడం. ఇంకోటి మూడ్. మరొకటి పేర్లు: నచ్చిన పాటలో ఎవరెవరు వాయించారో చూసి, వాళ్ల సొంత రికార్డుల దగ్గరికి వెళ్లడం. నాలుగోది పోగు. పాటలో మన చెవిని పట్టుకున్న గుణం ఒక్కటి తీసుకుని, అది ఇంకెక్కడ దొరుకుతుందో వెతకడం. నా ఓటు పోగుకే, దాపరికం ఏమీ లేదు. కానీ మిగతావి పనికిరావని అనను.

పోలికతో మొదలుపెడదాం, ఎందుకంటే రోజూ మన ఫోన్లు చేసేది ఎక్కువగా ఇదే. మీరు విన్నవి విన్నవాళ్లు ఇంకా ఏమి విన్నారో చూసి, అందులో మీరు విననివి తెచ్చి ముందు పెడతాయి. స్పాటిఫై 2015లో మొదలుపెట్టిన 'డిస్కవర్ వీక్లీ' ప్రతి సోమవారం ముప్ఫై పాటలు ఇస్తుంది. అలసట లేని సేవ. మీరు పదో సెకనులో ఏ పాట దాటేశారో కూడా యాప్‌కి తెలుస్తుంది. నాకు తెలియదు, మీరు మొహమాటపడి "బాగుంది" అంటారు కాబట్టి. కొన్నిసార్లు ఈ యంత్రం మనుషులు చేయలేనిది కూడా చేసింది. జపాన్‌లో మిదోరి తకాదా అనే తాళవాద్య కళాకారిణి 1983లో మరింబా అనే చెక్క పలకల వాద్యం, గంటలు, రకరకాల చిన్న వాద్యాలు అన్నీ తానే వాయించి ఒక ఆల్బమ్ చేసింది. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. ముప్ఫై ఏళ్లు దాటాక యూట్యూబ్ దాన్ని ఎందుకో ఊరూపేరూ తెలియనివాళ్లందరి ముందుకీ తోయడం మొదలుపెట్టింది. 2017లో ఆ రికార్డు మళ్లీ అచ్చయింది. అది నాకూ అలాగే దొరికింది.

అయితే ఇందులో ఒక చిక్కుంది. పదిమంది నడిచిన బాటలోనే యంత్రానికి అడుగుజాడలు కనిపిస్తాయి. ఎవరూ వినని పాటకి అడుగుజాడలే ఉండవు. మనం అడిగేదేమో అలాంటి పాటే. అందుకే రెండు మూడు వారాలు తిరిగేసరికి "తెలియనివి" అంటూ వచ్చేవన్నీ ఒక స్థాయిలో తెలిసినవే అయి ఉంటాయి. పండోరా అనే అమెరికా ఇంటర్నెట్ రేడియో వాళ్లు దీనికి విరుగుడుగా సంగీతం తెలిసిన మనుషులని కూర్చోబెట్టి, ఒక్కో పాటకి 450 దాకా గుణాలు రాయించారు: గొంతు ఎలాంటిది, లయ ఎలా నడుస్తుంది, ఏ వాద్యం ముందుంది అని. పోగు పద్ధతికి ఇది చాలా దగ్గర. కానీ వాళ్లు రాసుకున్నది పాటలో ఏమేమి ఉన్నాయో. అందులో నా చెవి పట్టుకున్నది ఏదో నేనే చెప్పాలి.

నేను వీణకి బదులు కోరా పంపడం కూడా పోలికే. రెండూ మీటే వాద్యాలు, రెంటికీ గుండ్రని కాయ, రెండూ తరతరాల సంప్రదాయాలు. యాప్‌ని తప్పుపట్టే ముందు నా బుద్ధి కూడా అలాగే పనిచేసిందని ఒప్పుకోవాలి.

మరి ఆ ఇద్దరి మధ్య తేడా ఏమిటి? నేను మళ్లీ ఇద్దరినీ అడిగాను, ఈసారి ప్రశ్న మార్చి. "వీణలో ఏమిష్టం?" అంటే లాభం లేదు. ఎవరైనా "మాధుర్యం" అంటారు, దాంతో కథ ముగుస్తుంది. నేను అడిగింది ఇది: "వింటూ వింటూ ఎక్కడ వెనక్కి తిప్పి మళ్లీ వింటారు?" ఆవిడ వెంటనే తానం అన్నారు. లయ తెలుస్తూనే తాళానికి కట్టుబడకుండా, మీటు మీద మీటు గలగలా రాలిపడే ఆ ఘట్టం. ఆయనేమో ఆలాపనలో ఒక చోటు పాడి వినిపించారు. ఒకే ఒక్క మీటు, తర్వాత ఎడమచేయి తంత్రిని పక్కకి లాగుతుంటే ఆ నాదం గాంధారం నుంచి జారుకుంటూ పైకెళ్లి, ఆరిపోబోతూ ఊగుతుంది. అంటే ఆయన వినేది మీటుని కాదు, మీటిన తర్వాత మిగిలేదాన్ని.

ఇప్పుడు కోరాని చూడండి. ఇరవై ఒక్క తంత్రులు, ఒక్కో తంత్రికి ఒక్కో స్వరం. రెండు బొటనవేళ్లు, రెండు చూపుడువేళ్లు మాత్రమే పనిచేస్తాయి. బొటనవేళ్లు కింద ఒక వరస తిప్పుతూ ఉంటే, చూపుడువేళ్లు పైన జల్లు కురిపిస్తాయి. తానం ఇష్టమైనావిడకి ఇది పండగే. కానీ ఆ తంత్రిని లాగి గమకం, అంటే స్వరంలో ఆ జారుడూ ఊపూ, పలికించడం అందులో లేదు. గమకం కోసం చెవి కోసుకునే మనిషికి నేను గమకమే లేని వాద్యం పంపాను. ఆయన "బాగుంది" అన్నదే నయం.

ఆయనకి నిజంగా పంపాల్సింది గుచిన్. చైనాలో అతి పాత వాద్యాల్లో ఒకటి. చూడ్డానికి వీణతో పోలికే లేదు. బల్లలాంటి పొడవైన చెక్క, కాయ లేదు, మెట్లు లేవు, చోటు గుర్తుకి పదమూడు చుక్కలు మాత్రం ఉంటాయి. తంత్రులు ఏడు. కుడిచేయి మీటాక ఎడమచేతి వేలు తంత్రి మీద పాకుతుంది, నాదం సన్నబడి సన్నబడి ఇక ఉందో లేదో తెలియని దాకా. పేరు చూస్తే, దేశం చూస్తే, ఆకారం చూస్తే ఏ పోలిక లెక్కా దీన్ని వీణ పక్కన పెట్టదు. ఆయన చెవి పెడుతుంది. 1977లో వాయేజర్ అంతరిక్ష నౌకల్లో పంపిన బంగారు రికార్డు మీద గ్వాన్ పింగ్‌హూ వాయించిన గుచిన్ ఉంది, 'ప్రవహించే నీళ్లు' అని దాని పేరుకి అర్థం, ఏడున్నర నిమిషాలు. (అదే రికార్డులో మన కేసర్‌బాయి కేర్కర్ భైరవి కూడా ఉంది.) ఈ నీళ్ల పాటకి ముడిపడి చైనాలో ఒక పాత కథ చెబుతారు. బోయా వాయిస్తుంటే ఆయన మనసులో కొండ ఉందో నీరు ఉందో జొంగ్ జిచీ అనే స్నేహితుడు ఇట్టే పసిగట్టేవాడట. ఆ స్నేహితుడు పోయాక బోయా వాద్యాన్ని విరగ్గొట్టేశాడు. ప్రాణస్నేహితుడు అనడానికి వాళ్ల మాటకి ఇప్పటికీ "నాదం తెలిసినవాడు" అనే అర్థం.

పోగు పద్ధతిలో అసలు కష్టం పోగు దొరకబుచ్చుకోవడమే. తమ చెవి గురించి జనం చెప్పేది చాలాసార్లు తప్పుగా ఉంటుంది. ఒక కుర్రాడు "నాకు డ్రమ్స్ గట్టిగా ఉండాలి" అన్నాడు. వెనక్కి తిప్పే చోటు చూపించమంటే, చూపించిన ప్రతిచోటా డ్రమ్స్ ఠక్కున ఆగిపోయి కింద బేస్ ఒక్కటే మిగిలింది! వాడికి కావలసింది మోత కాదు, మోత ఆగినప్పుడు తెరుచుకునే ఖాళీ. వాడికి జమైకా డబ్ చెప్పాను. 1970ల్లో కింగ్ టబ్బీ అనే రేడియో మెకానిక్, ఉన్న పాటలోంచి గొంతునీ గిటారునీ తీసేస్తూ, వాటి ప్రతిధ్వనిని మాత్రం వదిలేస్తూ, బేస్‌నీ డ్రమ్స్‌నీ ముందుకి తెచ్చి కొత్త రికార్డులు చేశాడు. ఆగస్టస్ పాబ్లోతో కలిసి చేసినవాటితో మొదలుపెట్టమన్నాను. ఇప్పుడు వాడు నాకు చెబుతున్నాడు డబ్ గురించి.

పోగుల్లో కూడా అన్నీ సమానం కాదు. రాగం పోగుని నేను కాస్త అనుమానంగా చూస్తాను. మోహనం ఇష్టమన్నవాళ్లకి ఇథియోపియా సంగీతం చెప్పాలని నాకు చెయ్యి దురద పెడుతుంది. అక్కడి తిజితా అనే స్వరాల వరసలో ఒక రకానికి సరిగ్గా మోహనం స్వరాలే. కానీ స్వరాలు కలిసినంత మాత్రాన రాగం కలవదు. ఆ పోలిక మొదటి నిమిషంలో "అరే!" అనిపిస్తుంది, అయిదో నిమిషంలో గమకాలేవని చెవి వెతుక్కుంటుంది. దగ్గర దారి చూపిస్తుంది తప్ప అక్కడే కూర్చోబెట్టదు. ఎమహోయ్ ఛెగే మర్యమ్ గెబ్రూ పియానో మాత్రం మినహాయింపు. 2023లో తొంభై తొమ్మిదో ఏట పోయిన సన్యాసిని ఆవిడ. అయిదు స్వరాల మీద తీరికగా, ఎవరూ వినడం లేదన్నట్టు వాయిస్తుంది. దాన్ని మోహనం కోసమని కాకుండా, ఆ తీరిక కోసమని పంపితే నిలబడుతుంది. అంటే అక్కడ కూడా అసలు పోగు వేరే.

పేర్ల దారి నా రెండో ఎంపిక. ఓపిక ఉన్నవాళ్లకి ఇందులో ఉన్న సరదా వేరు. అమెరికన్ గాయకుడు స్టీవీ వండర్ 1976 ఆల్బమ్‌లో హార్ప్ తోడుగా పాడిన పాట ఒకటుంది. ఆ హార్ప్ ఎవరిది అని చూస్తే డొరతీ ఆష్బీ. ఆవిడ 1968 నాటి 'ఆఫ్రో-హార్పింగ్' వింటే, హార్ప్ అంటే దేవదూతల బొమ్మల్లో ఉండే వాద్యం అన్న ఊహ పటాపంచలవుతుంది. అలాగే జాజ్ శాక్సఫోన్ విద్వాంసుడు ఆర్నెట్ కోల్మన్ 1971లో చేసిన రికార్డింగుల్లో ఒక గొంతు వినిపిస్తుంది. ఎవరా అంటే ముంబయి అమ్మాయి ఆశా పుత్లి. అక్కడినుంచి ఆవిడ డిస్కో రికార్డుల దాకా వెళ్లిపోవచ్చు. ఈ దారిలో ఇబ్బంది ఏమిటంటే, పేర్లు అందరివీ అచ్చవవు. అమెరికాలో మోటౌన్ అనే రికార్డు కంపెనీ హిట్ల వెనక బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ పేరు ఏళ్ల తరబడి అట్టల మీద కనిపించలేదు, 1971లో మార్విన్ గే ఆల్బమ్ మీద పడేదాకా. ఇంకోటి, ఒక మనిషి అన్నిచోట్లా ఒకేలా వాయించడు. పేరు మనల్ని మనిషి దగ్గరికి తీసుకెళ్తుంది, నచ్చిన ధ్వని దగ్గరికే తీసుకెళ్తుందని హామీ లేదు.

మూడ్ గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు. పని చేసుకుంటూ, నిద్రకి ముందు వినడానికి కావాలంటే అది చాలు. జపాన్ సంగీతకారుడు హిరోషి యోషిమురా 1982లో చేసిన తొలి ఆల్బమ్ పెట్టుకోండి, గదిలో గాలి మారినట్టుంటుంది. కానీ "బాధగా ఉండే పాట" అని అడిగినవాళ్లకి బాధ పంపితే సరిపోదు, ప్రపంచంలో సగం పాటలు అవే. అవార్డుల జాబితాలు, "చచ్చేలోగా వినాల్సిన వెయ్యి" లాంటివి తిరగేయడానికి బాగుంటాయి, అంతే.

వీటన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఆ మనిషి వినేది మాటనా, నాదాన్నా? సాహిత్యం కోసం వినేవాళ్లకి మాలి, చైనా, జమైకా అన్నీ దండగ. గజల్ పిచ్చి ఉన్న మా బంధువుకి ఒకసారి పోర్చుగల్ ఫాడో వినిపించాను, విరహం విరహమే కదా అని. ఆయన మర్యాదగా విని, "ఏమంటోంది?" అన్నారు. నేను అర్థం చెప్పాను. "అదే మనకి తెలిసేలా అనేవాళ్లు లేరా?" అన్నారు. నిజమే. అలాంటివాళ్లని భాష దాటించకూడదు. తెలుగు మాటే కావాలంటే తెలుగులోనే మరుగున ఉన్న గది తలుపు తియ్యాలి: రేడియో కోసం బాలాంత్రపు రజనీకాంతరావు కట్టిన లలిత గీతాలు, బాలమురళి పాడిన తత్త్వాలు. పోగు ఇక్కడ మాట, అంతే తేడా.

ఏ దారిన చెప్పినా ఒక్కటే పంపండి. నేను ఒకప్పుడు నలభై పాటల జాబితాలు చేసి పంపేవాణ్ణి. అది అవతలివాళ్ల కోసం కాదు, నాకెన్ని తెలుసో చూపించుకోవడానికి. ఒక్కరూ పూర్తిగా వినలేదు. ఇప్పుడు ఒక్క పాట, ఫలానా నిమిషం దగ్గర చెవి పెట్టండి అన్న ఒక్క వాక్యం. నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో అడుగుతాను. ఆ జవాబులోనే మళ్లీ పోగు దొరుకుతుంది.

గమకాల ఆయనకి గుచిన్ పంపాను. రెండు రోజులకి ఫోన్ చేశారు. మొదట ఏమీ వినబడక ఫోన్ పాడయిందనుకున్నారట. తర్వాత హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నారు, వరసగా మూడుసార్లు. "అంతా బాగానే ఉంది కానీ, మధ్యలో ఆ బరబరా చప్పుడేమిటండీ?" అన్నారు. పట్టు తంత్రి మీద వేలు రాసుకుపోయే చప్పుడు అది. అది లేకుండా ఉన్న రికార్డు కావాలన్నారు. ఉంది, తర్వాతి కాలంలో లోహపు తంత్రులు వచ్చాక ఆ రాపిడి బాగా తగ్గింది. వెతికి పంపాను. నాకైతే ఆ బరబర ఉన్నదే ఇష్టం.