ఉగాది పచ్చడి: జారుగానా, గట్టిగానా?

జారుగా: తెలంగాణ ఇళ్లలో కొత్త కుండలో కలిపి గ్లాసుల్లో పోసుకుని తాగేది ఇదే. నిమ్మకాయంత కొత్త చింతపండుకు 4 గ్లాసుల నీళ్లు, కప్పు బెల్లం తురుము, సన్నగా తరిగిన మామిడికాయ, ఉప్పు, కారం. ఖర్చు తక్కువ.

గట్టిగా: గ్లాసు నీళ్లు చాలు. అరటిపండు, కొబ్బరి, పుట్నాలపప్పు కలుస్తాయి కాబట్టి ఖర్చూ, తరుగుడు పనీ ఎక్కువే. అరటిపండు ముందే వేస్తే మెత్తబడిపోతుంది.

అసలు చిక్కు వేపపువ్వుతోనే. కాడలు ఏరేసి, అరచేతుల మధ్య నలిపి, రేకులు మాత్రం చెంచాడు తీసుకోండి. జారు పచ్చడిలో ముందే వేస్తే చేదంతా నీళ్లలోకి దిగుతుంది, ఆపైన బెల్లం ఎంత కలిపినా విరగదు. నైవేద్యానికి ముందు చల్లితే సరి. గట్టిదాంట్లో ఈ భయం తక్కువ.

వచ్చేపోయేవాళ్లు ఎక్కువైతే జారుగా చేయండి. ఇంట్లో నలుగురే ఉండి, పిల్లలు చేదుకు మొహం తిప్పుకుంటుంటే గట్టిదే నయం.