బేస్ టెన్ బ్లాకుల సెట్: ‘మావాడికి లెక్కలు రావు’ అనే ముందు కొనాల్సింది

ఒకట్లు, పదులు, వందలు చేత్తో పట్టుకుని నేర్చుకునే ప్లాస్టిక్ ముక్కలివి. విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల స్టేషనరీ షాపుల్లో అడగండి. మామూలు సెట్‌లో 121 ముక్కలుంటాయి: సెంటీమీటరు ఒకట్లు 100, పదుల కడ్డీలు 10, నూరు గళ్ళ పలకలు 10, వెయ్యి దిమ్మ ఒకటి.

లెక్కలు బొత్తిగా రాని పిల్లలు అరుదు. చాలాసార్లు ఏ మూడో తరగతిలోనో ఒక మెట్టు తప్పిపోయి ఉంటుంది. అదేదో ఈ డబ్బాతో తేలిపోతుంది.

ముందు నోటుబుక్కులో 503 లోంచి 278 తియ్యమనండి. 375 అని వేస్తే ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తున్నారన్నమాట. 235 వేస్తే అప్పు తెచ్చుకోవడం తెలుసు. సున్నా దగ్గరికి వచ్చిన పదిలోంచి ఒకటి ఒకట్లకి ఇచ్చేశామన్నది మర్చిపోయారు. ఈ రెంటికీ ఒకే తిట్టు తిట్టి లాభం లేదు.

ఇప్పుడు అదే లెక్క బ్లాకులతో: 503 కి 5 పలకలు, 3 ఒకట్లు పెట్టించండి. ఒక పలక ఇచ్చి పది కడ్డీలు, అందులో ఒక కడ్డీ ఇచ్చి పది ఒకట్లు తీసుకోవాలి. ఇప్పుడు బల్ల మీద 4 పలకలు, 9 కడ్డీలు, 13 ఒకట్లు. ఆ 9 ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పక్కర్లేదు, కనిపిస్తుంది. 278 తీసేస్తే 225. ముక్క మార్చిన ప్రతిసారీ నోటుబుక్కులోనూ అంకె కొట్టి రాయించాలి. ఇది వదిలేస్తే బల్ల మీద బాగానే చేస్తారు, పరీక్షలో మళ్ళీ 235 వేసొస్తారు. చెయ్యి తిరిగాక బ్లాకులు తీసేసి పలకకి చదరం, కడ్డీకి గీత, ఒకటికి చుక్క గీయించండి. ఆ తర్వాతే వట్టి అంకెలు.

హైస్కూలు పిల్లలకీ పనికొస్తుంది. 13 ఇంటూ 12 ని దీర్ఘచతురస్రంగా పేరిస్తే 1 పలక, 5 కడ్డీలు, 6 ఒకట్లు. పలకని ఎక్స్ స్క్వేర్, కడ్డీని ఎక్స్ అనుకుంటే ఎక్స్ ప్లస్ 3, ఎక్స్ ప్లస్ 2 ల గుణకారం అదే. మధ్యలో 5 ఎక్స్ ఎందుకొచ్చిందో ఇట్టే అర్థమవుతుంది. కాకపోతే ఎక్స్ అంటే పదే అని పట్టుకుంటారు. అట్టతో వేరే పొడవు కడ్డీలు, దానికి తగ్గ పలక కత్తిరించి ఇంకోసారి చేయించండి.

కొనేటప్పుడు పది ఒకట్లు వరసగా పెట్టి కడ్డీతో కొలవండి. ఏమాత్రం తేడా ఉన్నా వద్దు, పది ఒకట్లు ఒక కడ్డీ అంటే పిల్లలు నమ్మరు.

భిన్నాలకి ఈ సెట్ చాలదు. అరకి మూడోవంతు కలిపి 2/5 అనేవాళ్ళకి 12 సెంటీమీటర్ల కాగితం పట్టీ చాలు: అర 6, మూడోవంతు 4, మొత్తం 12 లో 10, అంటే 5/6.

ఒకటి, రెండు తరగతుల పిల్లలకైతే అసలు డబ్బే పెట్టక్కర్లేదు. చీపురు పుల్లలు పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేసి కట్టండి. కట్ట విప్పితే పది పుల్లలూ కళ్ళముందే విడిపోతాయి, ప్లాస్టిక్ కడ్డీతో అది కుదరదు.