వారంటీ ఉందని నమ్మకండి, జాబ్ కార్డు చదివాకే సంతకం పెట్టండి

నిన్న సాయంత్రం సర్వీస్ సెంటర్ నుంచి వచ్చినప్పటి నుంచీ నిద్ర లేదు. నాలాగే ఆటోమేటిక్ కారు కొని, వారంటీ ఉందిలే అని ధీమాగా ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఒకటో గేరు నుంచి రెండుకి మారేటప్పుడు బండి కుదుపు. వారంటీ ఉండగానే మూడుసార్లు తీసుకెళ్లాను. ప్రతిసారీ ఒకటే మాట: "స్కానర్‌లో కోడ్ ఏమీ రాలేదు సార్, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాం." కోడ్ అంటే లోపం ఉంటే బండి కంప్యూటర్ చూపించే నంబరు. వారంటీ ముగిసిన పదకొండో రోజున గేర్‌బాక్స్ లైట్ వెలిగి నడిరోడ్డు మీద ఆగిపోయింది. వెనక సీట్లో అమ్మ ఉంది.

"పాత కంప్లయింటే కదా, వారంటీలోనే చేయండి" అన్నాను. సర్వీస్ అడ్వైజర్ కంప్యూటర్ నావైపు తిప్పాడు. "మీరెప్పుడూ గేర్ కంప్లయింట్ ఇవ్వలేదు సార్, చూడండి." మూడు జాబ్ కార్డులు, అంటే బండి ఇచ్చేటప్పుడు మన కంప్లయింట్ రాసి సంతకం పెట్టించుకునే కాగితాలు. మూడింట్లోనూ 'జనరల్ చెకప్' అనే ఉంది. కుదుపు అన్న మాటే లేదు. కింద నా సంతకం. రెండోసారి టెస్ట్ డ్రైవ్‌కి నా పక్కన కూర్చున్నది ఈ మనిషే. బండి కుదిపినప్పుడు "అవును సార్, తెలుస్తోంది" అన్నదీ ఈయనే. అది గుర్తు చేస్తే నా మొహం కూడా చూడకుండా "నాకు గుర్తు లేదు సార్" అన్నాడు. గేర్‌బాక్స్ పోయినందుకు కాదు, ఆ ఒక్క మాటకి నా కడుపు రగిలిపోయింది.

చదవకుండా సంతకం పెట్టడం నా తప్పే. ఆ రెండు నిమిషాలు ఆగి చదివి ఉంటే అని రాత్రంతా అనుకుంటూనే ఉన్నాను. కానీ నేను నోటితో చెప్పిన కంప్లయింట్ రాయకుండా వదిలేసింది వాళ్లు.

కారు కంపెనీకి ఫోన్ చేస్తే సర్వీస్ సెంటర్ నడిపే డీలర్‌ని అడగమంటారు. డీలర్‌ని అడిగితే కంపెనీ ఒప్పుకోదంటాడు. తెలిసిన మెకానిక్ అసలు సంగతి చెప్పాడు. వారంటీ పనికి డీలర్‌కి డబ్బిచ్చేది కంపెనీ. ఏ పనికి ఎంత సమయమో కంపెనీయే లెక్కగట్టి ఆ మేరకే ఇస్తుంది. గేర్‌బాక్స్ లాంటి పెద్ద పనికి మామూలుగా ముందే అనుమతి కావాలి. తర్వాత తనిఖీలో కాగితాలు సరిగా లేవని తేలితే ఇచ్చిన డబ్బు కూడా వెనక్కి లాక్కుంటుంది. అందుకే రుజువుగా చూపడానికి కోడ్ రాని కంప్లయింట్ జోలికి చాలామంది పోరట. వారంటీ దాటిన కొద్ది రోజులకే పాడైతే కంపెనీ ఒక్కోసారి ఖర్చు కొంత భరిస్తుంది. దానికీ పాత రికార్డే చూస్తారు.

మీరైనా కంప్లయింట్ మీ మాటల్లోనే జాబ్ కార్డులో రాయించండి. కాపీ తీసుకోండి. వారంటీ ఉండగానే కంపెనీకి మెయిల్ కూడా పెట్టండి. ఒక డీలర్ పట్టించుకోకపోతే అదే కంపెనీ ఇంకో అధీకృత సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి, వారంటీ అక్కడా చెల్లుతుంది.

మొదటిసారి కుదుపు వచ్చినప్పుడు అమ్మ తీసిన వీడియో ఈ ఉదయం ఆమె ఫోన్‌లో దొరికింది, తేదీతో సహా. దాన్ని కంపెనీకి పంపాను.