సస్పెండైన లైసెన్సు తెప్పిస్తానన్న ఏజెంటుకు డబ్బు కట్టకండి

"లైసెన్సు సస్పెన్షన్ తీయిస్తాం, లోపల మనవాళ్లే ఉన్నారు" అని ఫోనులకు సందేశాలు పంపే మహానుభావుడు చాలామందికి తెలిసే ఉంటాడు. పేరు రాయను, రాస్తే అదొక కొత్త గొడవ. ఎవరో గుర్తుపట్టి, ఇంకా డబ్బు కట్టనివారు ఉంటే అక్కడే ఆగిపోండి. నేను మొత్తం ముందే కట్టేశాను, మరి మనది పెద్ద తెలివి కదా!

నేపథ్యం రెండు ముక్కల్లో చెప్తాను. సిగ్నల్ దగ్గర కారు నడుపుతూ ఫోను పట్టుకున్నానని ఆపారు. నా చేతిలో ఉన్నది కళ్లజోడు పెట్టె. ఎంత చెప్పినా వినలేదు, లైసెన్సు తీసుకుని రసీదు చేతిలో పెట్టారు. మోటారు వాహనాల చట్టం 206వ సెక్షన్ కింద లైసెన్సు స్వాధీనం చేసుకుని పంపే అధికారం పోలీసులకు ఉంది. సస్పెండ్ చేయాలా వద్దా అన్నది మాత్రం లైసెన్సు జారీ చేసే అధికారి తేల్చాలి, అదీ 19వ సెక్షన్ ప్రకారం మన మాట విన్నాకే. కలకత్తా హైకోర్టు 2022లో ఒక కేసులో చెప్పింది కూడా ఇదే. ఈ సెక్షన్లన్నీ నాకు ఇప్పుడు కంఠతా వచ్చు. అప్పుడు తెలిసింది ఏజెంటు నంబరు ఒక్కటే.

"అమ్మా, విచారణకు మీరు వెళ్లనక్కర్లేదు. ఆడవాళ్లు అక్కడ వరుసలో నిలబడటమేమిటి? నేను చూసుకుంటాను" అన్నాడు. ఎంత మర్యాద! కళ్లజోడు పెట్టె సంగతి చెప్పుకోవడానికి చట్టం నాకిచ్చిన అవకాశం ఆ విచారణే. పైసా ఖర్చు లేనిది. దాన్ని ఈయన డబ్బు తీసుకుని మరీ పోగొట్టాడు. వెళ్లినవారు ఎవరూ లేరు కాబట్టి మూడు నెలల సస్పెన్షన్ ఉత్తర్వు ఇంటికొచ్చింది.

ఫోను చేస్తే ఏ మాత్రం తడబడలేదు. "ఇదంతా మామూలేనమ్మా, అప్పీలు వేస్తాం, ఉత్తర్వు ఒరిజినల్ పంపండి" అన్నాడు. పంపాను. ఈలోగా కారు ఎలాగని అడిగితే, "పోలీసులిచ్చిన రసీదు ఉంది కదా, అదే లైసెన్సు అనుకుని నడపండి" అని అభయం ఇచ్చాడు. ఆ రసీదుతో బండి నడపడానికి వీల్లేదని 206లోనే స్పష్టంగా రాసి ఉంది. సస్పెన్షన్‌లో ఉండగా నడిపితే 182 కింద పది వేల రూపాయల జరిమానా, మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చేతులెత్తేయడానికి కూడా అదే కారణం చాలు. తెలిసిన వకీలు ఒకరు సమయానికి చెప్పారు కాబట్టి తాళాలు లోపల పెట్టేశాను.

అసలు మంట ఇక్కడ. ఉత్తర్వు అందాక అప్పీలుకు ఉన్నది 30 రోజులు. ఎప్పుడు అడిగినా "ఫైలు పైకి వెళ్లింది" అన్నవాడు, గడువు దాటాక తనంతట తానే ఫోను చేశాడు. అప్పటిదాకా అమ్మా అన్న నోరు ఆ రోజు మేడమ్ అంది. "మేడమ్, గడువు అయిపోయింది, ఇంక ఎవరూ ఏమీ చేయలేరు." అప్పీలు వేయలేదా అని అడిగాను. "వేస్తానన్నాను కానీ, ఎప్పుడని చెప్పలేదుగా" అని నవ్వాడు. నవ్వాడండీ! డబ్బు వెనక్కివ్వమంటే, "చదువుకున్నవారు, ఉత్తర్వు కింద రాసింది చదువుకోవాల్సింది" అని పెట్టేశాడు. ఆ ఉత్తర్వు ఎక్కడుంది? ఆయన దగ్గరే ఉంది!

ఇలాంటివారికి పంట పండేది నియమాల్లోని ఖాళీల్లోనే. లైసెన్సు స్వాధీనం చేసుకున్నాక ఎన్ని రోజుల్లో విచారణ ముగించాలో 206లో రాయలేదు. రసీదుతో నడపకూడదు, లైసెన్సు వెనక్కి రాదు, అంటే తప్పు తేలకముందే మనిషి బండి దిగాల్సిందే. రోజూ బండి నడిపితేనే ఇల్లు గడిచే డ్రైవరు ఆ మధ్యకాలంలో ఏజెంటు కాళ్లు పట్టుకోక ఏం చేస్తాడు? విచారణకు గడువు పెట్టాలి. గడువులోగా జరగకపోతే లైసెన్సు తిరిగిచ్చేయాలి. తాగి నడిపినవారి విషయంలో కఠినంగా ఉండండి, కాదనను. కళ్లజోడు పెట్టెకు కూడా అదే వరుస అయితే ఎలా?

ఇంకో ముచ్చట. 2019 సవరణ ప్రకారం సస్పెన్షన్ గడువు ముగిసినా రిఫ్రెషర్ శిక్షణ పూర్తిచేస్తేనే లైసెన్సు చేతికిస్తారు. దానికి కూడా "తరగతికి రాకుండానే సర్టిఫికెట్, పాత కస్టమర్లకు తగ్గింపు" అని అదే నంబరు నుంచి సందేశం వచ్చింది. పాత కస్టమరు అంటే నేనే.

విచారణ నోటీసు వస్తే స్వయంగా వెళ్లండి, చెప్పేది కాగితం మీద రాసిచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోండి. ఉత్తర్వు ఒరిజినల్ ఎవరికీ ఇవ్వకండి, జిరాక్స్ చాలు. అది చేతికి అందిన తేదీ కవరు మీద రాసి పెట్టుకోండి, 30 రోజుల లెక్క అక్కడి నుంచే.