పాత ‘ఫియట్’ కొనేముందు: ప్రీమియర్ పద్మిని కండిషన్, సరైన ధర

కంపెనీ పెట్టిన పేరు ప్రీమియర్ పద్మిని. మన ఊళ్లలో మాత్రం అది ఫియటే. ముంబయి కుర్లా ఫ్యాక్టరీలో 1964 నుంచి ఫియట్ 1100 డిలైట్‌గా తయారైంది. డెబ్బైల తొలినాళ్లలో కొద్దికాలం ప్రీమియర్ ప్రెసిడెంట్ అనిపించుకుంది. ఆ తర్వాత పద్మినిగా 2000 ప్రాంతం దాకా వచ్చింది. ఇప్పుడు దీనికి మళ్లీ గిరాకీ పెరిగింది. దాంతోపాటే, 1993 మోడల్‌కి కూడా ‘వింటేజ్’ అని తోక తగిలించి రెట్టింపు అడిగే అలవాటూ మొదలైంది.

ముందు ఆ మాట సంగతి తేల్చుకుందాం. కేంద్రం 2021 జులైలో తెచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ అంటే మొదటి రిజిస్ట్రేషన్ అయి యాభై ఏళ్లు దాటిన బండి. సొంత వాడకానిది అయివుండాలి, పెద్దగా మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలి. ఆ లెక్కన డిలైట్లు, ప్రెసిడెంట్లు, తొలినాళ్ల పద్మినులు తప్ప మిగతావన్నీ పాత కార్లే. ఇంకో మెలిక కూడా ఉంది. వింటేజ్‌గా కొత్తగా నమోదు చేయించడానికి 20,000 రూపాయలు కట్టాలి, అది పదేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత బండిని ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, రిపేరుకో తప్ప రోజువారీగా తిప్పకూడదు. ఆదివారం పిల్లల్ని ఎక్కించుకుని తిరుగుదామనుకునేవాళ్లకు ఆ హోదా లాభం కాదు, బంధనం. కాబట్టి ఆ మాటకు విడిగా పైసా ఇవ్వాల్సిన పని లేదు.

నడపడానికి ఎలా ఉంటుందంటే, 1089 సీసీ పెట్రోల్ ఇంజిన్, నలభై హార్స్‌పవర్ చుట్టుపక్కల బలం, స్టీరింగ్ పక్కన గేరు, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు. అరవై, డెబ్బై స్పీడులో హాయిగా పోతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద మిగతా కార్లతో పోటీ పడాలనుకుంటే ఇది మీ బండి కాదు. ఫస్ట్ గేరుకి సింక్రోమెష్ (గేరు సాఫీగా పడేలా చేసే ఏర్పాటు) లేదు, బండి పూర్తిగా ఆగాకే వేయాలి. అలవాటు లేనివాళ్లు ‘గర్ర్’ మనగానే గేర్‌బాక్స్ పోయిందనుకుంటారు. పోలేదు, దాని స్వభావమే అంత.

ఇక కండిషన్. బండి చూడటానికి మెకానిక్‌ని ఒక్కడినే తీసుకెళ్తారు చాలామంది. మేమైతే టింకరింగ్ పనివాణ్ని తీసుకెళ్లమంటాం. పద్మినికి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. ఇంజిన్ పోతే బోరు కొట్టించి కొత్త పిస్టన్లు వేయొచ్చు, అది పది రోజుల పని. కింది రేకు కుళ్లిపోతే మాత్రం నెలల తరబడి షెడ్డులో పడి ఉండాల్సిందే. ఎంత పెట్టినా పూర్వపు బిగువు రాదు. ఈ కారు ధరలో సగానికి పైగా రేకుదే.

రేకు చూడటానికి ఫ్రిజ్‌కి అంటించే చిన్న అయస్కాంతం, పలుచటి గుడ్డముక్క, టార్చి చాలు. రంగు గీతలు పడకుండా అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి, ముందు పైకప్పు మీద పెట్టి ఎంత గట్టిగా పట్టుకుంటుందో చూడండి. పైకప్పుకి పుట్టీ పెట్టే అవసరం అరుదు కనుక అదే కొలత. తర్వాత తలుపుల కింది అంచు, మడ్‌గార్డు వెనక భాగం, హెడ్‌లైట్ చుట్టూ, చక్రాల వంపులు వరుసగా చూడండి. అయస్కాంతం జారిపోయిన చోట కింద పుట్టీ ఉంది. అక్కడ వేలికణుపుతో కొడితే రేకు మోత రాదు, గోడ మీద కొట్టినట్టు మొద్దు చప్పుడు వస్తుంది. అరచేతిలో పట్టేంత పుట్టీ ఒకటి రెండు చోట్ల ఉండటం ఈ వయసు బండికి తప్పు కాదు. తలుపుల కింద నాలుగు వైపులా ఉంటే మాత్రం రంగు వేసింది అందం కోసం కాదు, దాచడం కోసం.

తర్వాత లోపలి రబ్బరు మ్యాట్లు ఎత్తించండి. అమ్మేవాళ్లకు ఇది నచ్చదు, అయినా అడగండి. అద్దం బీడింగు ఎండి పగిలితే వాన నీళ్లు లోపలినుంచి దిగి డ్రైవరు కాళ్ల దగ్గర చేరతాయి. మ్యాటు కింద జూటు ఆ తడిని పట్టి ఉంచుతుంది, ఫ్లోరు లోపలి నుంచే తినేస్తుంది. డిక్కీలో స్టెప్నీ తీసి అడుగు చూడండి. బ్యాటరీ ట్రే చుట్టూ ఆసిడ్ తిన్న గుర్తులు చూడండి. వెనక కమాన్ కట్టలు బాడీకి తగులుకునే చోట స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. అక్కడ పొరలు పొరలుగా తుప్పు రాలితే ఇంకేం చూడనక్కర్లేదు, ఇంటికి వచ్చేయొచ్చు.

జాకీ పరీక్ష ఒకటి ఉంది, దీన్ని వదలొద్దు. బండిని చదునైన చోట నిలబెట్టి నాలుగు తలుపులూ తీసి వేసి చూడండి. తర్వాత ఒక పక్క జాకీ పాయింటు దగ్గర చక్రం లేచేదాకా ఎత్తి, అటువైపు తలుపులు మళ్లీ తీసి వేయండి. ముందు సాఫీగా పడిన తలుపు ఇప్పుడు పట్టేస్తుంటే, లాక్ కిందామీదా అవుతుంటే, తలుపు కింది పెట్టె భాగం బలం పోయి బాడీ వంగుతోందన్నమాట. ఎత్తేటప్పుడు ‘కరకర’ మని జాకీయే రేకులోకి దిగబడితే మరీ మంచిది, వెతకాల్సిన శ్రమ తప్పింది.

బండి ఎక్కడ తిరిగిందన్నది కూడా ధరలో భాగమే. హైదరాబాద్, కర్నూలు లాంటి పొడి ప్రాంతాల్లో ఒకే ఇంట్లో షెడ్డులో ఉన్న బండి రేకు చాలావరకు నిలుస్తుంది. విశాఖ, కాకినాడ సముద్రపు గాలికీ, ముంబయి వానలకీ నిలిచింది అరుదు. ముంబయి బండి అయితే ఇంకో అనుమానం కూడా తీర్చుకోవాలి, అది టాక్సీయా అని. అక్కడ పద్మిని టాక్సీలకు పైకప్పు పసుపు, కింద నలుపు. వాటిలో చివరిది 2003 అక్టోబరులో రిజిస్టరై, ఇరవై ఏళ్ల గడువు ముగిసి 2023 అక్టోబరులో రోడ్డు దిగింది. రంగు మార్చి అమ్మేటప్పుడు బయట నున్నగా చేస్తారు గానీ, తలుపు రబ్బరు బీడింగు లాగి చూస్తే కింద పసుపు గీత కనిపిస్తుంది. డాష్‌బోర్డు వెనకాల, బానెట్ లోపలి మూలల్లో నలుపు మిగులుతుంది. ఎడమ ముందు మడ్‌గార్డు లోపలి వైపు పూడ్చిన రంధ్రాలుంటే అక్కడ ఒకప్పుడు మీటరు బిగించి ఉండొచ్చు. టాక్సీ అయితే కొనకూడదని కాదు. రోజూ పన్నెండు గంటలు తిరిగిన బండికి ‘డాక్టరు గారు వాడింది’ ధర ఇవ్వకూడదు, అంతే.

ఇంజిన్‌ని చల్లగా ఉన్నప్పుడే చూడాలి. మీరు వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంటే ముందే స్టార్టు చేసి పెట్టారన్నమాట. మరుసటి రోజు పొద్దున్నే వస్తామని చెప్పండి. చోక్ లాగి రెండు మూడు సెల్ఫులకు అందుకోవాలి. పది నిమిషాలు ఆడనిచ్చాక ఐడిలింగ్‌లో ఆయిల్ లైటు మినుకుమంటుంటే క్రాంక్ బేరింగులు అరిగి ఉండొచ్చు. యాక్సిలరేటర్ తొక్కుతున్నప్పుడు నీలి పొగ వస్తుంటే రింగులు. ఎత్తు దిగుతూ కాలు తీసేసి, మళ్లీ తొక్కినప్పుడు మాత్రమే గుప్పుమని పొగ వస్తే వాల్వ్ గైడ్లు. వాల్వ్ గైడ్లది చిన్న ఖర్చు, రింగులది పెద్దది. మెకానిక్ దగ్గర కంప్రెషన్ గేజ్ ఉంటే నాలుగు సిలిండర్లూ కొలిపించండి. అంకె ఎంతన్నదాని కన్నా నాలుగూ దగ్గర దగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం, పది శాతం మించి తేడా ఉండకూడదు.

దీని బలహీనత హెడ్, అంటే ఇంజిన్ పైభాగం. బ్లాకు కాస్ట్ ఐరన్, హెడ్ అల్యూమినియం. మన మెకానిక్‌లు వేడెక్కుతోందని థర్మోస్టాట్ (ఇంజిన్ వేడిని అదుపులో ఉంచే వాల్వు) పీకేసి, కూలెంట్ బదులు కుళాయి నీళ్లు పోసి పంపిస్తారు. ఆ నీళ్లు అల్యూమినియాన్ని లోపల తినేస్తాయి, దారులు మూసుకుపోతాయి, ఓ రోజు ట్రాఫిక్‌లో వేడెక్కి హెడ్ వంగుతుంది. ఆయిల్ మూత తీసి అడుగు చూడండి. మజ్జిగ మీగడలా తెల్లటి జిడ్డు ఉంటే నీళ్లు ఆయిల్లో కలుస్తున్నాయని అనుమానించాలి. రేడియేటర్ మూత మాత్రం ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు తీయకండి. చల్లారాక తీసి చూస్తే తుప్పురంగు నీళ్లా, పచ్చటి కూలెంటా తెలిసిపోతుంది. ఆ బండిని ఎలా చూసుకున్నారో ఓనరు అరగంట చెప్పే మాటల కన్నా ఆ నీళ్లే బాగా చెబుతాయి.

స్టీరింగ్ రెండు వేళ్ల వెడల్పు దాటి ఖాళీగా తిరిగితే, ముందు చక్రం ఎత్తి పైనా కిందా పట్టుకుని ఊపండి. కదిలితే కింగ్‌పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగే ఇరుసు) బుష్షులు లేదా వీల్ బేరింగులు. అటూ ఇటూ పట్టుకుని ఊపితే కదిలితే టై రాడ్ ఎండ్లు. కింగ్‌పిన్లకు గ్రీజు కొట్టించకపోవడమే ఈ బండ్లలో ఎక్కువగా కనిపించే నిర్లక్ష్యం. గ్రీజు ఎక్కించే నిప్పిళ్ల మీద తడి గ్రీజు ఉందా, ఎండిన మట్టి ఉందా చూస్తే చాలు. బ్రేకు పెడల్ గట్టిగా తొక్కి అర నిమిషం పట్టుకోండి, మెల్లగా కిందికి దిగిపోతుంటే మాస్టర్ సిలిండర్ లీకు. పాత మోడళ్లలో బ్రేకు సర్క్యూట్ ఒకటే. ఒక్క వీల్ సిలిండర్ లీకైతే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. ఈ ఒక్క పని వాయిదా వేయొద్దు. కాలమ్ గేరు మధ్యలో ఇరుక్కుంటే కంగారు పడక్కర్లేదు, లింకేజీ బుష్షులు మారిస్తే సరిపోతుంది. సెకండ్ గేరు దానంతటదే జారిపోతుంటే మాత్రం గేర్‌బాక్స్ దించాలి. చివరి రోజుల ఎస్1లో గేరు లివరు కింద ఉంటుంది, అది కంపెనీ ఇచ్చిందే. అంతకు ముందు బండికి కింద గేరు ఉంటే ఎవరో మార్పించి ఉండొచ్చు. డీజిల్ 137డీ జోలికి వెళ్లకపోవడమే మంచిది. చప్పుడు భరించగలిగినా పార్టులు దొరకడం కష్టం.

కాగితాల్లో ముందు సీ బుక్కులోని ఇంజిన్, ఛాసిస్ నంబర్లు బండి మీద ఉన్నవాటితో అంకె అంకె సరిపోల్చండి. ఇంజిన్ మార్చిన బండ్లు చాలా ఉన్నాయి. ఆ మార్పు సీ బుక్కులో ఎక్కించకపోతే ట్రాన్స్‌ఫర్ దగ్గర ఆగిపోతుంది. పదిహేనేళ్లు దాటాక ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. ఇరవై ఏళ్లు దాటిన కారుకి ఆ రుసుమును కేంద్రం 2025 ఆగస్టులో 10,000 చేసింది. ఎప్పుడో గడువు తీరిపోయి ఉంటే జరిమానా, పాత పన్ను బకాయిలు కూడా పడతాయి. ఆ మొత్తం ఎంతో ఆర్టీఏలో కనుక్కున్నాకే బయానా ఇవ్వండి. ఢిల్లీ నుంచి చవగ్గా వచ్చే బండి అయితే ఎన్‌ఓసీ (అక్కడి రవాణా శాఖ అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం) చేతిలో ఉండాలి, ‘వారంలో వస్తుంది’ అన్న మాట చాలదు. ఐదేళ్లు దాటిన బండికి ఇన్సూరెన్స్‌లో ఐడీవీ (బీమా కోసం బండికి కట్టే విలువ) మీరూ కంపెనీ మాట్లాడుకుని కట్టుకునేదే, కాబట్టి రిపేరు బిల్లులు, ఫొటోలు దాచిపెట్టండి.

ఇక ధర. ‘ఆన్‌లైన్‌లో ఒకాయన ఆరు లక్షలు అడుగుతున్నాడు’ అన్నది ధర కాదు, ఆశ. మా పద్ధతి ఇది: అదే ఏడాది మోడల్, పూర్తిగా బాగు చేయించి ఏ పనీ లేని బండి మీ ఊళ్లో నిజంగా ఎంతకు చేతులు మారిందో రెండు మూడు చోట్ల కనుక్కోండి. అందులోంచి ఈ బండికి కావాల్సిన పని ఖర్చు తీసేయండి. ఆ ఖర్చు మీద మరో పాతిక శాతం కూడా తీసేయండి. పాత రంగు గీకాక బయటపడేది ఎప్పుడూ అంచనాకి మించే ఉంటుంది. లెక్క అర్థం కావడానికి ఒక ఉదాహరణ: బాగున్న బండి 3,50,000 పలుకుతోంది అనుకుందాం. మీరు చూసిన బండికి టింకరింగ్, పెయింటింగ్ 1,20,000, ఇంజిన్ పని 45,000, బ్రేకులు, టైర్లు, వైరింగ్ 35,000 అని పనివాళ్లు చెప్పారు. మొత్తం 2,00,000. పాతిక శాతం కలిపితే 2,50,000. అంటే ఆ బండి విలువ లక్ష. ఓనరు 2,20,000 అడుగుతుంటే, స్టార్టు అయి మీ ఇంటిదాకా నడుచుకుంటూ వచ్చినా సరే, అది ఖరీదైన బండే. అదే ఊళ్లో 2,75,000కి రేకు శుభ్రంగా, రంగు మాత్రం వెలిసిపోయిన బండి ఉంటే దానికే వెళ్లండి. వెలిసిన ఒరిజినల్ రంగు కింద ఏముందో కంటికి కనిపిస్తుంది.

లెక్కలో మరిచిపోయేవి చిన్న సామాన్లు. పిస్టన్లు, క్లచ్ ప్లేట్లు, బ్రేకు రబ్బర్లు సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనూ, విజయవాడ ఆటోనగర్‌లోనూ అడిగితే ఏదో ఒక కొట్లో దొరుకుతాయి, లేకపోతే ముంబయి నుంచి తెప్పిస్తారు. గ్రిల్లు, టెయిల్ ల్యాంపు అద్దాలు, క్రోమ్ బీడింగులు, వీల్ కప్పులు, ముందు అద్దం మాత్రం ఒరిజినల్‌వి వెతకాల్సిందే. ఇవన్నీ బండితో పాటు వస్తున్నాయా లేదా ఒక్కొక్కటీ లెక్కపెట్టండి. డిక్కీలో గుడ్డ చుట్టి దాచిన పాత వీల్ కప్పులు నాలుగూ ఉన్నాయంటే బేరంలో ఓ మెట్టు దిగినా నష్టం లేదు. అలాయ్ వీల్సు, మారుతి సీట్లు, కొత్త మ్యూజిక్ సిస్టం పెట్టించామని అదనంగా అడిగితే మాత్రం పైసా కలపకండి. వాటిని తీసేయించే ఖర్చు మీదే.

కొన్నాక మొదటి వారంలో పెట్రోల్ హోసులన్నీ, ఫ్యూయల్ పంపు డయాఫ్రం (లోపలి రబ్బరు పొర) మార్పించండి. ఇప్పుడు బంకుల్లో దొరికే ఇ20 (ఇరవై శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్‌కి ఆ కాలపు రబ్బరు మెత్తబడి చిట్లుతుంది. ఆ పంపు, హోసులు ఉండేది వేడెక్కిన ఇంజిన్ పక్కనే.