జాగ్రత్త: నాలుగు మాటలకు ఒకే అర్థం రాసి అమ్ముతున్న ఇంగ్లీషు పదకోశాలు

పోటీ పరీక్షల అభ్యర్థుల కోసమని ప్రకటించి ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఒక ఇంగ్లీషు–తెలుగు పదకోశాన్ని, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్ఎస్‌సి) ఉద్యోగ పరీక్షకు చదువుతున్న మా తమ్ముడి కోసం ఇటీవల తెప్పించాను. ప్రచురణకర్త పేరు ఇక్కడ రాయడం లేదు. అట్ట మార్చి, పేరు మార్చి ఇలాంటి పుస్తకాన్ని మళ్లీ అమ్మడం కష్టమేమీ కాదు కాబట్టి, లోపలి సరుకును ఎలా గుర్తుపట్టాలో చెప్పడమే కొనేవారికి ఎక్కువ మేలు చేస్తుందని నా అభిప్రాయం.

దగ్గరి అర్థాలున్న పదాలను ఒకచోట చేర్చి, వాటి మధ్య తేడాలను వాడుకతో సహా వివరించామని ప్రకటనలో ఉంది. చూపించిన నమూనా పేజీలు కూడా చక్కగానే ఉన్నాయి. చేతికి వచ్చిన పుస్తకంలో మాత్రం పదాలను చేర్చడమే తప్ప తేడా చెప్పడమన్నది ఎక్కడా లేదు. థీఫ్, రాబర్, బర్గ్లర్, డెకాయిట్ అనే నాలుగు పదాలకూ ఎదురుగా "దొంగ" అని రాసి వదిలేశారు. తెలుగులో వేర్వేరు మాటలు లేక ఇలా చేశారా అంటే, అదీ కాదు. చాటుగా ఎత్తుకుపోయేవాడు దొంగ, దారి కాచి బెదిరించి లాక్కునేవాడు దోపిడీదారు, ఇంటికి కన్నం వేసేవాడు కన్నపుదొంగ, ముఠాగా వచ్చి పడేవాడు బందిపోటు అని మన పల్లెల్లో చదువురాని పెద్దలు సైతం విడదీసి చెప్పగలరు. చట్టంలోనూ ఈ తేడా ఉంది: భారతీయ న్యాయ సంహితలో దొంగతనం 303వ సెక్షన్ కిందికి, బలప్రయోగంతోనో భయపెట్టో చేసే దోపిడీ 309వ సెక్షన్ కిందికి, అయిదుగురు లేదా అంతకు మించినవారు కలిసి చేసే దోపిడీ 310వ సెక్షన్ కిందికి వస్తాయి. ఎస్ఐ, కానిస్టేబుల్ ఉద్యోగాలకు చదివే పిల్లలకు ఈ నాలుగూ ఒకటేనని నేర్పడం ఎంత అన్యాయమో ఆలోచించండి.

అంతకన్నా ఘోరమైనవి ఉదాహరణ వాక్యాలు. గ్రేవ్ మిస్టేక్ అంటే తీవ్రమైన తప్పు కాగా, అక్కడ "సమాధి తప్పు" అని అచ్చయింది. ఫెయిర్ ప్రైస్ అన్నదానికి సరసమైన ధర అని కాక "జాతర ధర" అనీ, అతి సూక్ష్మమైన అనే అర్థంలో వచ్చిన మినిట్ అనే విశేషణానికి "నిమిషం" అనీ ఉన్నాయి. యంత్రానువాదం ఇచ్చినదాన్ని తెలుగు తెలిసిన మనిషి ఒక్కసారైనా చదవకుండా అచ్చుకు పంపారని ఇవి చూస్తే నాకు అనిపించింది. ఉచ్చారణ కోసం తెలుగు లిపిలో ఇచ్చిన వరుస కూడా అంతే. దత్తత తీసుకోవడం, పరిస్థితికి తగ్గట్టు మారడం అనే రెండు వేర్వేరు అర్థాలున్న క్రియలకు ఒకే విధంగా "అడాప్ట్" అని రాసి, అక్షరాల తేడాను గానీ, పలకడంలోని తేడాను గానీ ప్రస్తావించనే లేదు.

దీనివల్ల జరిగే నష్టం పుస్తకం ధరతో పోయేది కాదు. ఎస్ఎస్‌సి డిగ్రీ స్థాయి ఉద్యోగ పరీక్ష అయిన సీజీఎల్ మొదటి దశలో ఇంగ్లీషుకు 25 ప్రశ్నలు, 50 మార్కులు ఉంటాయి, ప్రతి తప్పు సమాధానానికి 0.50 మార్కు కోత పడుతుంది. పర్యాయపదాలు, ఖాళీలు పూరించడం, ఒక వాక్యానికి బదులు ఒకే పదం చెప్పడం వంటి ప్రశ్నలన్నీ దగ్గరి పదాల మధ్య తేడా మీదే ఆధారపడి ఉంటాయి. తప్పుగా కంఠతా పట్టిన అభ్యర్థి తెలియని ప్రశ్నను వదిలేసినట్టు వదిలేయడు, తెలుసుననే ధీమాతో తప్పు జవాబునే గుర్తిస్తాడు.

కాబట్టి ఇటువంటి పుస్తకం కొనదలచినవారు, వీలైతే దుకాణంలోనే చేతిలోకి తీసుకుని, కొన్ని జంటపదాలను వెతికి చూడండి. బారో ఎదురుగా అప్పు తీసుకోవడం, లెండ్ ఎదురుగా అప్పు ఇవ్వడం అని ఉండాలి. రెండింటికీ "అప్పు" అని మాత్రమే ఉంటే అక్కడే పక్కన పెట్టేయండి. హియర్ అంటే వినిపించడం, లిజన్ అంటే శ్రద్ధపెట్టి వినడం. మన భాషలోనే ఇంత స్పష్టమైన తేడా ఉండగా రెండింటికీ "వినుట" అని సరిపెట్టిన పుస్తకాన్ని నమ్మవద్దు. టాల్, హై రెండింటికీ "ఎత్తైన" అని రాసినా, మనిషి పొడవుకు టాల్ అనే వాడతారని ఉదాహరణతో చూపారో లేదో గమనించండి. ఆన్‌లైన్‌లో కొనక తప్పకపోతే విక్రేత ఎంచి పెట్టిన పేజీలతో తృప్తిపడకుండా, మీరు అడిగిన పదమున్న పేజీని ఫొటో తీసి పంపమనండి. ఈలోగా అవసరానికి ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఇంగ్లీషు–తెలుగు నిఘంటువులను ఉచితంగా వెతుక్కోవచ్చు. అందులో పాత నిఘంటువులే ఎక్కువైనా, పదానికి ఉన్న వేర్వేరు అర్థాలను విడివిడిగా ఇవ్వడంలో అవి ఈ పుస్తకం కంటే ఎన్నో రెట్లు నయం.

వాపసు అడిగితే విక్రేత నుంచి నాకు వచ్చిన సమాధానం, "పుస్తకం చిరగలేదు, పేజీలు తగ్గలేదు, కాబట్టి లోపం లేదు" అని. ఇది చెల్లదు. 2020 నాటి వినియోగదారుల పరిరక్షణ (ఈ–కామర్స్) నియమాల ప్రకారం, ప్రకటించిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోవడానికి గానీ, సొమ్ము తిరిగి ఇవ్వడానికి గానీ విక్రేత నిరాకరించకూడదు. ఈ–కామర్స్ సంస్థ ఫిర్యాదుల అధికారి ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెల రోజుల్లో పరిష్కరించాలి. నేను ప్రకటన స్క్రీన్‌షాట్లు, తప్పులున్న పేజీల ఫొటోలు, బిల్లు జతచేసి ఆ అధికారికి రాశాను, గడువులోగా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను. ఇదే పరిస్థితిలో ఉన్నవారు ప్రకటన పేజీని ముందుగా భద్రపరచుకోండి, ఎందుకంటే నేను ఫిర్యాదు చేశాక నా పుస్తకం ప్రకటనలోంచి "తేడాలు, వాడుక" అనే మాటలు తీసేశారు.